బంగారం మైసూరుది, కూలోళ్ళు మనోళ్ళు: చిగురుగుంట గని వెనక నూరేళ్ళ కథ

కుప్పం పక్క గుడుపల్లి మండలంలో చిగురుగుంట, బిసానత్తం గనులు మళ్ళీ తెరుస్తారంట అనే మాట కొన్నేళ్ళుగా వింటానే ఉండాం. 2018లో వేలంలో ఆ బ్లాకు సెంట్రల్ గవర్నమెంటు గనుల కంపెనీ ఎన్ఎండీసీకి దక్కింది. అప్పటినుంచీ చిత్తూరులో ఎవరైనా ఆ పక్కోళ్ళు కనిపిస్తే చాలు, "ఏమప్పా మీ ఊరికి బంగారం వస్తాదంట కదా" అని ఎగతాళో నిజమో తెలీకుండా అడుగుతాంటారు. నాకు మాత్రం ఆ మాట వింటే మా తాత ట్రంకుపెట్టె గుర్తొస్తాది. అందులో ఒక ఇత్తడి బిళ్ళ ఉండేది, అరచేతిలో సగం ఉంటాది, మధ్యలో నంబరు, పైన తాడు కట్టుకోను బెజ్జం. మైన్‌లోకి దిగేటప్పుడు తీసుకొని పైకొచ్చినాక తిరిగి ఇచ్చెయ్యాల, బిళ్ళ రాలేదంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. ఆఖరి రోజున ఇచ్చెయ్యకుండా జేబులో వేసుకొచ్చేసినాడు ఆయన. ఇంట్లో బంగారం అంటే మాకు మిగిలింది ఆ ఇత్తడే.

చిగురుగుంట కథ చెప్పాలంటే ముందు కోలారు గోల్డ్‌ఫీల్డు కథ చెప్పాల, ఎందుకంటే రెండూ ఒకే రాతి పట్టీ. కోలారు జిల్లాలో ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 80 కిలోమీటర్లు సాగే ఆ నల్లరాయి పట్టీకి రాష్ట్రాల సరిహద్దు ఏం తెలుస్తాది, కిందికొచ్చేసరికి మన గుడుపల్లి పక్కకి వచ్చేస్తాది.

తెల్లోళ్ళు రాకముందే ఆడ బంగారం తీసేవాళ్ళు. 1802లో మైసూరు సరిహద్దు సర్వేకి వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ ఊరిగాం దగ్గర జనం మట్టి కడిగి బంగారం తీస్తారని విని, చూపించినోళ్ళకి బహుమానం ఇస్తానన్నాడు. ఊరోళ్ళు బండ్లలో మట్టి తోలుకొచ్చి ఆయన కళ్ళముందే కడిగి చూపించినారు. తర్వాత డెబ్భై ఏళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోలా. న్యూజిలాండు యుద్ధాలు చేసొచ్చి బెంగళూరులో ఉండిపోయిన లావెల్ అనే ఐరిష్ సోల్జరు, వారెన్ రాసింది చదివి 1871లో ఎడ్లబండి కట్టుకొని వెతకను బయల్దేరినాడు, 1873లో మైసూరు సర్కారుని పర్మిషన్ అడిగినాడు. ఆయన దగ్గర డబ్బు లేదు, లీజు చేతులు మారింది, 1880లో లండన్‌లో ఉండే జాన్ టేలర్ అండ్ సన్స్ దిగినారు. వాళ్ళకీ మొదట్లో నష్టమే. కంపెనీ మూసేసుకునే దశకి వచ్చినాక మైసూర్ మైన్‌లో కెప్టెన్ ప్లమ్మర్ అనే ఆయన, పాతకాలం వాళ్ళు తవ్వి వదిలేసిన గుంటల అడుగుకి పోయి ఇంకా కిందికి తవ్వించినాడు. ఆడ తగిలిన బంగారు రాతి పొరే చాంపియన్ రీఫ్. అంటే అసలు దారి చూపించింది పేరు కూడా తెలీని పాత కూలోళ్ళ గుంతలే, పేరు మాత్రం కెప్టెన్‌కి పోయింది. అది వేరే సంగతి.

ఇంక ఊర్లు ఎట్లా పుట్టినాయో చూడండి. మామూలుగా ఊరంటే చెరువు పక్కనో, గుడి చుట్టూనో, సంత జరిగే చోటో పెరుగుతాది. ఈడ షాఫ్టు, అంటే గనిలోకి దిగే నిలువు బావి, దాని చుట్టూ పెరిగింది. చాంపియన్ రీఫ్, మైసూర్ మైన్, నందిదుర్గ్, బాలాఘాట్, ఇవన్నీ మొదట గనుల పేర్లు, వాటినే జనం ఊరి పేర్లుగా వాడినారు. 1894లో బౌరింగ్‌పేట నుంచి రైలు వేసినారు, ఈనాటికీ ఆ లైన్లో స్టేషన్లు కోరమాండల్, ఊరిగాం, చాంపియన్, ఆఖర్న మారికుప్పం. బౌరింగ్‌పేట అంటే మన బంగారపేటే. చాలామంది బంగారం వల్ల ఆ పేరు వచ్చిందనుకుంటారు, కాదు, మైసూరు కమిషనర్‌గా చేసిన బౌరింగ్ దొర పేరు జనం నోట్లో నలిగి బంగారం అయ్యింది. (మన చిత్తూరు పక్క బంగారుపాళ్యం ఇంకో తమాషా, ఆడ దొరికేది మామిడికాయలు మాత్రమే.) రాబర్ట్‌సన్‌పేట కూడా ఒక దొర పేరే, మైసూరులో బ్రిటిష్ సర్కారు తరఫున ఉండే రెసిడెంట్ రాబర్ట్‌సన్. 1900 అటూ ఇటూ ప్లేగు వచ్చి కూలోళ్ళు ఉండే లైన్లలో జనం చనిపోతావుంటే, గనుల పక్కన ఇరుకు తగ్గించాలని ప్లాను గీసి, సూటిగా వీధులు వేసి కట్టిన టౌను అది. ఇప్పటికీ అడ్డగీతలు నిలువుగీతలు గీసినట్టు ఉంటాయి ఆ వీధులు.

కరెంటు సంగతి అందరికీ తెలిసిందే కానీ ఒకసారి నెంబర్లు చూడండి. 1902లో కావేరి మీద శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్లు వైరు లాగి గోల్డ్‌ఫీల్డుకి కరెంటు ఇచ్చినారు. బెంగళూరుకి వీధిలైట్లు వచ్చింది దాని తర్వాతే. మనిషికి దీపం పెట్టను కాదు, మిషను తిప్పను. నీళ్ళు కూడా అంతే, పాలారు మీదుండే బేతమంగళం చెరువు నుంచి పైపులు వేసి తెచ్చుకున్నారు. ఆ పాలారే కిందికొచ్చి మన కుప్పం పక్కగా పారి తమిళనాడుకి పోతాది, పారాలంటే అది కూడా వానలు పడిన ఏడే.

ఊరి తీరు అట్లానే రెండు ముక్కలు. గుట్టమీద దొరల బంగళాలు, క్లబ్బు, గోల్ఫు గ్రౌండు, చర్చి. అందుకే దానికి లిటిల్ ఇంగ్లండ్ అని పేరు. కింద కూలీ లైన్లు, తడికెలతో కట్టిన పది అడుగుల గదులు, ఒక్కో దాంట్లో ఒక సంసారం, కొన్నిట్లో రెండు. మధ్యలో ఆంగ్లో ఇండియన్లు, మేస్త్రీలు, గుమాస్తాలు. ఎవరు యాడ ఉండాలో కంపెనీయే చెప్పేది. ఇల్లు కంపెనీది, ఆస్పత్రి కంపెనీది, నీళ్ళు కంపెనీవి, మైన్ ఉద్యోగం పోయిందంటే ఇల్లు కూడా పోయినట్టే. నా దృష్టిలో ఆ ఊర్ల గుణం అంతా దీన్నుంచే వచ్చింది, దాని గురించి మాట్లాడేవాళ్ళు మాత్రం తక్కువ. అందరికీ బంగళాల ఫొటోలే కావాల.

కూలోళ్ళు యాడినుంచి వచ్చినారు అంటే, జాస్తి మంది మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి, అందులోనూ ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి. ఇప్పుడు ఉత్తర ఆర్కాటు అంటే అందరూ వేలూరు, తమిళం అనుకుంటారు గానీ 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరే ఆ జిల్లాకి హెడ్ క్వార్టరు, కుప్పం ఉండే కంగుంది జమీందారీ కూడా ఆ జిల్లాలోదే. 1864 నాటికే జోలార్‌పేట నుంచి బెంగళూరుకి రైలు నడిచింది, కుప్పం ఆ లైన్లోనే ఉండాది. కరువు వచ్చిందంటే మేస్త్రీ ఊర్లోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చి మనుషుల్ని రైలెక్కించుకొని పోయేవాడు. గోల్డ్‌ఫీల్డులో తమిళమే ఎక్కువ వినిపిస్తాది, నిజమే, కానీ కోలారు జిల్లా ముల్బాగల్, బంగారపేట పక్క పల్లెల్లో తెలుగు ఎంత ఉందో పోయి చూస్తే తెలుస్తాది. మా తాత నోట్లో ఒకే వాక్యంలో మూడు భాషలు ఉండేవి, తిట్టేది మాత్రం తెలుగులోనే.

లోపల పని గురించి ఆయన జాస్తి చెప్పేవాడు కాదు. చెప్పిందల్లా వేడి గురించే. చాంపియన్ రీఫ్‌లో 3,200 మీటర్ల కింది దాకా పోయినారు, ఆ లోతులో రాయి వేడి 60 డిగ్రీల పైనే, పైనుంచి చల్లగాలి పంపిస్తేనే మనిషి నిలబడేది. ఇంకోటి రాక్ బరస్టు, అంటే లోపల తవ్వేకొద్దీ పైబరువు తట్టుకోలేక బండ ఒక్కసారిగా పేలిపోయేది. అది జరిగితే పైన లైన్లలో ఇండ్లు కూడా అదిరేవి, అవ్వోళ్ళు పొయ్యి మీద సంగటి వదిలేసి షాఫ్టు కాడికి పరిగెత్తేవాళ్ళంట. బండ పేలకపోయినా దుమ్ము ఉండనే ఉండాది. సిలికోసిస్ అనే పేరు మా ఇంట్లో ఎవరికీ తెలీదు, "మైన్ దగ్గు" అనేవాళ్ళు. రాత్రంతా తాత దగ్గుతావుంటే అవ్వ లేచి వేణ్ణీళ్ళు పెట్టడం నాకు బాగా గుర్తు.

అట్లని అణిగిమణిగి ఉండే జనం అనుకోవద్దు. లైన్లలో ఎక్కువమంది దళితులు, ఊర్లో పెద్ద కులమోళ్ళ చేను వదిలేసి నెలజీతం చూసినోళ్ళు. 1930లో కూలోళ్ళందరి వేలిముద్రలు తీసుకుంటామని అంటే, మేమేమన్నా దొంగలమా అని పని ఆపేసి వారాల తరబడి సమ్మె చేసినారు. 1946 నవంబర్‌లో పోలీసు కాల్పుల్లో ఆరుగురు కార్మికులు చనిపోయినారు. యూనియన్లు, అంబేద్కర్ పేరు, రిపబ్లికన్ పార్టీ, ఇవన్నీ ఆ ఊర్లలో మనకంటే ముందే వేళ్ళు పట్టినాయి, రిపబ్లికన్ పార్టీ ఎమ్మెల్యేలు గెలిచిన ఊరు అది.

1956లో మైసూరు సర్కారు గనుల్ని తీసుకుంది, 1962లో సెంట్రల్ గవర్నమెంటు, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అయ్యింది. మన చిగురుగుంట, బిసానత్తం కూడా ఆ కంపెనీ కిందే నడిచినాయి, అనంతపురం రామగిరి పక్క గని కూడా. కానీ రాయిలో సత్తువ అయిపోతావచ్చింది. మొదటి రోజుల్లో టన్ను రాయికి 40 గ్రాముల పైన బంగారం పడేది, ఆఖర్లో మూడూ నాలుగు గ్రాములు, తవ్వేదానికి అయ్యే ఖర్చు అమ్మితే వచ్చేదానికంటే జాస్తి. 2001 ఫిబ్రవరి 28న మూసేసినారు. నూటిరవై ఏండ్లలో మొత్తం 800 టన్నుల దాకా తీసినారంటారు. లండన్‌కి డివిడెండు పోయింది, మైసూరుకి రాయల్టీ పోయింది, లైన్లలో మనిషికి ఆఖర్న ఒక ప్యాకేజీ, ఇల్లు నీదా కంపెనీదా అనే తగాదా మిగిలినాయి. పంపులు ఆపేసినాక షాఫ్టుల్లో నీళ్ళు నిండినాయి. ఆ కూలోళ్ళ మనవళ్ళు తెల్లారుజామున రైలెక్కి బెంగళూరు పోయి రాత్రికి ఇంటికి చేరతాండారు, దాదాపు వంద కిలోమీటర్లు పోను, వంద రాను.

ఊర్లో కంటికి కనిపించే ఆస్తి ఇప్పుడు సైనైడ్ దిబ్బలే. రాయి పిండి చేసి సైనైడ్ నీళ్ళలో నానబెట్టి బంగారం లాగేసినాక పారబోసిన పొడి అది, 3.3 కోట్ల టన్నుల దాకా ఉంటాదని లెక్క. దూరం నుంచి చూస్తే లేత పసుపు తెలుపు గుట్టలు, అందంగానే ఉంటాయి, సినిమావాళ్ళు షూటింగులు కూడా చేసుకుంటారు. గాలి కాలంలో పోయి చూడండి. మా మేనత్త ఇంట్లో ఆషాఢం వచ్చిందంటే బట్టలు బయట ఆరేసేది లేదు, బిందెల మీద గుడ్డ కట్టాల్సిందే, పళ్ళెం కడిగి బోర్లించినా అన్నం పెట్టుకునే ముందర మళ్ళీ ఒకసారి తుడవాల, వేలితో గీస్తే గీత పడేది. 2024లో ఆ దిబ్బల్లో 13 దిబ్బల్ని మళ్ళీ వడగట్టి మిగిలిన బంగారం తీసేదానికి కర్ణాటక కేబినెట్ ఒప్పుకుంది. అంటే పొడిని మళ్ళీ కదిలిస్తారు.

ఇంక చిగురుగుంటకి వస్తే, ఆ రాయిలో టన్నుకి అయిదు గ్రాముల చిల్లర ఉంటాదని అంటాండారు. గోల్డ్‌ఫీల్డు ఆఖరి రోజులకంటే మేలు, పైగా బంగారం రేటు ఇప్పుడు ఆకాశంలో ఉండాది కాబట్టి లెక్క కుదరొచ్చు. పోయిన నెల గుడుపల్లిలో టీ అంగడి కాడ కుర్రోళ్ళు ఉద్యోగాలు లోకల్ వాళ్ళకే ఇస్తారా, ఐటీఐ ఉంటే చాలా అని మాట్లాడుకుంటా ఉండారు. పక్కన బీడీ కాల్చుకుంటా కూర్చున్న టమోటా రైతు ఒకాయన అంతా విని అడిగినాడు, "సరేప్పా, టన్నులో అయిదు గ్రాములు వాళ్ళు తీసుకొని పోతారు, మిగతా పొడి యాడ పోస్తారంట?" కుర్రోళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.