రాజగిర్ రోప్‌వే గృధ్రకూటానికి వెళ్లదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

గయలో పిండప్రదానం ముగించుకొని, బోధ్‌గయ దర్శించి, మరునాడు రాజగిర్, నలంద చూడబోయే తెలుగు యాత్రికులకు దారి చూపడం నా వృత్తి. వారి నోట నేను పదే పదే వినే మాట ఒకటుంది: "రోప్‌వే ఎక్కితే గృధ్రకూటం చూసినట్టే కదా!" కాదు. బుద్ధుడు ధర్మం బోధించిన కొండను చూడాలని ఇంత దూరం వచ్చినవారు, ఈ ఒక్క అపోహ మూలంగా, దానిని చూడకుండానే, చూశామన్న తృప్తితో వెనుదిరుగుతున్నారు.

రోప్‌వే చేర్చేది రత్నగిరి పైకి. అక్కడి తెల్లని విశ్వశాంతి స్తూపం జపాన్ భిక్షువు నిచిదాత్సు ఫుజీ సంకల్పంతో వెలసింది. 1969లో అప్పటి రాష్ట్రపతి వి.వి. గిరి దానిని ప్రారంభించారు. అది తప్పక చూడదగినదే గాని, బుద్ధుని కాలపు కట్టడం కాదు. గృధ్రకూటం దానికంటే దిగువన, పక్కకు పొడుచుకొని వచ్చిన రాతిగుట్ట. రెండు మూడు గుహలు, మెట్లు, పైన ఇటుక గోడల పునాదులు మిగిలిన చిన్న వేదిక తప్ప అక్కడ మరేమీ ఉండదు. "అక్కడ రాళ్లే కదా, ఏముంది చూడడానికి?" అని గంట సమయం మిగుల్చుకోవాలనుకొనే డ్రైవర్లు చెప్పే మాట నమ్మకండి. పొరుగు గణరాజ్యమైన వజ్జులపై దండెత్తదలచిన మగధ రాజు అజాతశత్రువు తన మంత్రి వస్సకారుణ్ణి బుద్ధుని వద్దకు పంపింది ఈ కొండకే. బుద్ధుని చివరి రోజులను చెప్పే మహాపరినిర్వాణ సూత్రం ఆ ఘట్టంతోనే మొదలవుతుంది. సద్ధర్మపుండరీక సూత్రం బోధించిన చోటుగా మహాయాన సంప్రదాయం చెప్పేదీ దీనినే.

రోప్‌వేలో పైకి వెళ్లినవారు స్తూపం చూశాక నడకదారిన దిగాలి. మధ్యలో దారి చీలుతుంది; అక్కడ గృధ్రకూటం వైపు మళ్లాలి. కింది నుంచి నడిచి వచ్చేవారికీ అదే చీలిక. చూడడం అయ్యాక రోప్‌వే కోసం మళ్లీ రత్నగిరి ఎక్కనక్కరలేదు, నేరుగా కిందికి నడిచి రావచ్చు. కాబట్టి తిరుగు ప్రయాణానికి కూడా టికెట్ కొన్నామన్న ఒక్క కారణంతో గృధ్రకూటాన్ని వదులుకోకండి.

మోకాళ్ల నొప్పులున్నవారు ఎక్కలేరన్న భయం వేరు. దానిని నేను తేలికగా తీసుకోను. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారు వైద్యుని మాట వినవలసిందే. తక్కినవారికి మాత్రం ఇది రాయి పరచిన దారి, మెల్లగా ఎత్తు పెరుగుతుంది, ఎక్కడైనా కూర్చుని సేద తీరవచ్చు. ఒకసారి ఒక రిటైర్డ్ టీచరమ్మ, "బాబూ, నేనిక్కడే కూర్చుంటాను, మీరు వెళ్లి రండి" అని కిందనే ఆగిపోయారు. ఇది అజాతశత్రువు తండ్రి బింబిసార మహారాజు బుద్ధుణ్ణి చూడడానికి వేయించిన బాటేననీ, దారిలో ఆయన రథం దిగి కాలినడకన సాగిన చోట ఒకటి, వెంట వచ్చిన జనాన్ని ఆపి వెనక్కి పంపిన చోట ఒకటి, రెండు చిన్న స్తూపాలు ఉండేవని చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ రాశాడనీ చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "రాజే దిగి నడిచాడంటే నేనూ నడుస్తాను" అన్నారు. చేతికర్ర సాయంతో, పది అడుగులకోసారి ఆగుతూ వచ్చారు. తొందర పెట్టకపోవడం తప్ప నేను చేసిన సాయం ఏమీ లేదు.

ఎండాకాలంలో నడక నిజంగానే కష్టం, రాళ్లు కాలిపోతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఏ కాలంలోనైనా తెల్లవారుజామునే బయలుదేరడం మంచిది. పైన ఎవరైనా పూజ పేరుతో డబ్బు అడిగితే ఇవ్వకపోవడం పాపమేమీ కాదు; గట్టిగా అడగడం చూసి జడవకండి.

బుద్ధునిపై పగబట్టిన ఆయన బంధువు దేవదత్తుడు దొర్లించిన బండ తగిలి బుద్ధుడు ఇక్కడే మరణించాడని చెప్పేవారూ ఉన్నారు. అది నిజం కాదు. రాతి పెచ్చు తగిలి ఆయన పాదానికి గాయమైంది, వైద్యుడు జీవకుడు చికిత్స చేశాడు. పరినిర్వాణం జరిగింది కుశీనగరంలో. బుద్ధుని తరువాత భిక్షువులు ఆయన బోధలను కూర్చుకొన్న సభ, మొదటి బౌద్ధ సంగీతి కూడా ఈ కొండపై జరగలేదు. అది జరిగిందని చెప్పే సప్తపర్ణి గుహ వైభారగిరిపై, వేడినీటి కుండాలకు ఎగువన ఉంది. అదొక వేరే ఎక్కుడు. నలంద కూడా చూడవలసిన రోజున ఆ రెండు కొండలూ పెట్టుకోకండి. రాజగిర్‌లో ఒక రాత్రి బస చేసి, రెండో కొండను మరునాటి ఉదయానికి ఉంచుకోండి.