ఇంజన్ ఓవర్‌ఫ్లో: అపోహలు - వాస్తవాలు

కారు కదలకపోతే ముందుగా బ్యాటరీని తిట్టుకుంటారు. కానీ సెల్ఫ్ చురుగ్గా తిరుగుతున్నా ఇంజన్ అందుకోక, సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోలు వాసన వస్తుంటే తప్పు బ్యాటరీది కాదు. మండగలిగిన దానికన్నా ఎక్కువ పెట్రోలు సిలిండర్లలో చేరి, స్పార్క్ ప్లగ్గులు తడిసిపోయాయన్నమాట. దీన్నే ఓవర్‌ఫ్లో అంటారు.

అపోహ: యాక్సిలరేటర్‌ను పదే పదే తొక్కితే అందుకుంటుంది.

ఇది పాత కార్లలో గాలిని, పెట్రోలును కలిపే కార్బురేటర్ కాలం నాటి అలవాటు. అందులోని చిన్న పంపు, పెడల్ తొక్కిన ప్రతిసారీ కొంత పెట్రోలును లోపలికి చిమ్మేది. చల్లటి ఇంజన్‌కు ఒకటి రెండు తొక్కులు మేలు చేసేవి, ఆపైన తొక్కేవన్నీ ప్లగ్గులను తడిపేవి. ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ కారులో దాని కొలత కంప్యూటర్ చేతిలో ఉంటుంది. అక్కడ ఈ తొక్కుడు వల్ల కాలికి శ్రమ తప్ప లాభం లేదు.

అపోహ: ఓవర్‌ఫ్లో అయితే యాక్సిలరేటర్ ముట్టుకోకూడదు.

నిజానికి మందు అక్కడే ఉంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టండి. చాలా ఇంజెక్షన్ కార్లలో ఇలా చేస్తే కంప్యూటర్ ఇంజెక్టర్లను ఆపేస్తుంది. పెట్రోలు రాదు, గాలి మాత్రం ధారాళంగా లోపలికి వెళ్లి తడిని ఆరబెడుతుంది. కార్బురేటర్ బండికీ ఇదే పద్ధతి, కాకపోతే చోక్ (గాలిని తగ్గించే మూత) తీసేసి ఉండాలి. అయిదు నుంచి పది సెకన్లు కొట్టి, ఒక నిమిషం ఆగి, మళ్లీ ప్రయత్నించండి. ఇంజన్ అందుకున్న మరుక్షణం పెడల్ మీది నుంచి కాలు తీయాలి. లేకపోతే చల్లటి ఇంజన్ ఒక్కసారిగా గింగిరాలు తిరుగుతుంది.

అపోహ: బ్యాటరీలో ఊపిరి ఉన్నంతసేపు సెల్ఫ్ కొడుతూ ఉండాలి.

ఎక్కువ నష్టం చేసేది ఈ మొండితనమే. సెల్ఫ్ మోటారు వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోయి ప్లగ్గులో మెరుపు బలహీనపడుతుంది. పెడల్ తొక్కకుండా కొట్టిన ప్రతిసారీ మరికొంత పెట్రోలు లోపలికి చేరుతుంది. ఆ పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తే కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కే బలం, పడిపోతుంది. అప్పుడు పొడి ప్లగ్గులు వేసినా ఇంజన్ పలకదు. ప్లగ్గు రంధ్రంలోంచి ఒక్కో సిలిండర్‌లో చిన్న చెంచాడు ఇంజన్ ఆయిల్ పోస్తేనే కంప్రెషన్ తిరిగి వస్తుంది. స్టార్ట్ అయ్యాక కాసేపు పొగ కక్కుతుంది, కంగారు పడనక్కర్లేదు.

అపోహ: నలుగురు తోస్తే సరి.

ఓవర్‌ఫ్లో అయిన కారును తోసి స్టార్ట్ చేయబోతే, మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. కన్వర్టర్ కరిగిపోయే ప్రమాదం ఉంది. దాని ధర ముందు ప్లగ్గుల ఖర్చు ఏపాటిది!

అపోహ: ప్లగ్గులు విప్పి మంట మీద కాల్చాలి.

పెట్రోలుతో తడిసిన వస్తువును నిప్పు దగ్గరికి ఎందుకు తీసుకెళ్లాలి? పొడిగుడ్డతో తుడిచి గాలికి ఆరనిస్తే చాలు. ప్లగ్గులు విప్పి ఉండగా సెల్ఫ్ కొట్టాల్సి వస్తే ముందుగా ఫ్యూయల్ పంపు ఫ్యూజు, ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిల్ కనెక్టర్లు తీసేయండి. రంధ్రాల్లోంచి పెట్రోలు ఆవిరి ఎగజిమ్ముతుంది, ఒక్క మెరుపు చాలు అంటుకోవడానికి.

అపోహ: వరదనీరు పోయిన ఇంజన్‌కూ ఇదే చికిత్స.

కానే కాదు. నీరు నొక్కితే కుదించుకుపోదు, సెల్ఫ్ కొడితే పిస్టన్‌కు తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది. తాళం కూడా తిప్పకుండా కారును వర్క్‌షాపుకు లాగించుకెళ్లండి.

అపోహ: స్టార్ట్ అయింది కదా, ఇక సమస్య లేదు.

ఎందుకు జరిగిందో చూడాలి. వేడెక్కిన ఇంజన్‌కు, బరువు లెక్కన, ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి సరిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు సరిగా ఆవిరి కాదు కాబట్టి కంప్యూటర్ ఇంకా ఎక్కువ పోస్తుంది. కారును షెడ్డులోంచి బయట పెట్టి, పది సెకన్లలో ఆపేస్తే ఆ అదనపు పెట్రోలు లోపలే ఉండిపోతుంది. ఒక్కసారి ఇలా జరిగితే పెద్ద విషయం కాదు. తరచూ జరుగుతుంటే నేను ముందుగా కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సర్‌ను చూస్తాను, అది చెడితే వేడి ఇంజన్‌ను కూడా చల్లటిదని కంప్యూటర్‌కు చెబుతుంది. ఆ తర్వాత కారుతున్న ఇంజెక్టర్లు, అరిగిన ప్లగ్గులు. ఇంజన్ ఆయిల్ మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్, తీసి వాసన కూడా చూడండి. పెట్రోలు వాసన వచ్చినా, ఆయిల్ మట్టం పెరిగినా, ఆ ఆయిల్‌తో బండి నడపకుండా మార్పించండి.