పదాల లెక్క సరిచేసే ప్యాచ్: అపోహలు - వాస్తవాలు

లిబ్రేఆఫీస్ రైటర్ లాంటి, పత్రాలు టైప్ చేసే ఎడిటర్లకు, వాటి మ్యాక్రోలకు (ఎడిటర్‌లో నడిచే చిన్న ప్రోగ్రాములకు) వచ్చే ప్యాచ్‌లు, అంటే కోడ్ సవరణలు, చదివి అభిప్రాయం చెబుతుంటాను. అనంతపురంలో ఈ మాట చెబితే "స్పేసులు లెక్కపెట్టడానికి కూడా రివ్యూనా?" అని నవ్వుతారు.

అపోహ: రెండు స్పేసుల మధ్య ఉన్నదే పదం.

తెలుగు వరకు చాలాసార్లు నిజమే. థాయ్‌లో పదాల మధ్య స్పేసే ఉండదు, అక్కడ నిఘంటువు చూసి విడగొట్టాలి. పైగా డాష్‌ల గొడవ ఒకటి. రైటర్ సెట్టింగుల్లో ఏ గుర్తుల దగ్గర పదం తెగాలో రాసుకునే గడి ఉంది. అందులో పొడుగు డాష్, పొట్టి డాష్ ముందే ఉంటాయి. అందుకే "కడప–కర్నూలు" అని డాష్ పెడితే రెండు పదాలు, మామూలు హైఫన్ పెడితే ఒకటే. వేరే ఎడిటర్‌లో ఇంకో అంకె వస్తే అది బగ్గే అనుకోనక్కర్లేదు, నియమం వేరు కావచ్చు.

అపోహ: కోడ్‌ను పరీక్షించే టెస్టులన్నీ పాసయ్యాయి, ఇక ప్యాచ్‌ను కలిపేయొచ్చు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. పైథాన్ మ్యాక్రోలో స్పేసులు వదిలేసి, మామూలు రెగెక్స్ (అక్షరాల నమూనాలు వెతికే పద్ధతి) లోని బ్యాక్‌స్లాష్-డబ్ల్యూ అనే, పదంలోని అక్షరాలను పట్టే గుర్తుతో పదాలు పట్టారనుకోండి. దానికి అచ్చులు, హల్లులే అక్షరాలు. గుణింతం గుర్తులు, సున్నా, పొల్లు కావు. "కడప" అని టెస్టు రాస్తే ఒకటే వస్తుంది, ఎందుకంటే అందులో గుణింతమే లేదు. "అనంతపురం" ఇవ్వండి: "అన", "తప", "ర" అని మూడు ముక్కలవుతుంది. "కర్నూలు" కూడా మూడే: "కర", "న", "ల". మూడు ఊళ్ళు వరుసగా రాస్తే లెక్క ఏడు! కడప ఒక్కదాంతో సరిపెట్టుకున్నవాళ్ళకు ఇది ఎప్పటికీ కనపడదు. అందుకే కోడ్ కంటే ముందు టెస్టు వాక్యాలు చదువుతాను. గుణింతం, వత్తు, సున్నా ఉన్న పదాలు లేకపోతే ప్యాచ్ వెనక్కే.

"సాఫ్ట్‌వేర్" ఇంకో తలనొప్పి. "ట్" పొల్లుగానే నిలబడాలని దాని తర్వాత కంటికి కనపడని గుర్తు ఒకటి పెడతాం, యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం) దాని సంఖ్య 200సి. యూనికోడ్ పద విభజన నియమాల ప్రకారం అక్కడ పదం తెగకూడదు. టెస్టులో ఆ గుర్తును నేరుగా టైప్ చేయొద్దని, కోడ్ సంఖ్యతో రాయమని అడుగుతాను. కాపీ పేస్టులో అది జారిపోయినా టెస్టు పాసవుతూనే ఉంటుంది మరి.

అపోహ: అక్షరాల లెక్కలోనైనా తేడా రాదు.

వస్తుంది. "లక్ష్మి" మనకు రెండక్షరాలు, యూనికోడ్‌కు ఏడు సంకేతాలు.

అపోహ: నాలుగు లైన్ల ప్యాచ్ నాలుగు నిమిషాల్లో చూసేయొచ్చు.

ఆ నాలుగు లైన్లు టైప్ చేస్తున్నంతసేపూ నడుస్తుంటాయి. పీహెచ్‌డీ థీసిస్ తెరిచి ఒక్క అక్షరం కొట్టగానే మొత్తం మళ్ళీ లెక్కపెడితే కర్సర్ ఆగిపోతుంది. మారిన పేరాను మాత్రమే లెక్కపెట్టాలి, మిగతావాటికి పాత అంకె దాచుకోవాలి. రైటర్ సేవ్ చేసే ఓడీటీ ఫైల్లో పదాల సంఖ్య కూడా సేవ్ అయి ఉంటుంది. నియమం మారిందంటే పాత థీసిస్‌కు కొత్త అంకె చూపిస్తుంది, కాబట్టి ఆ సంగతి రిలీజ్ నోట్స్‌లో రాయాల్సిందే.

అపోహ: కోడింగ్ రానివాళ్ళకు ఇందులో పనిలేదు.

డీటీపీ చేసేవాళ్ళు ఇచ్చే ఫైళ్ళే మాకు ముడిసరుకు. పాత యూనికోడేతర ఫాంట్లలో కామా, బ్రాకెట్ స్థానాల్లో కూడా తెలుగు ముక్కలు ఉంటాయి. తెరమీద తెలుగే, లోపల ఇంగ్లీషు గుర్తులు. అలాంటి పేజీ తేడా లెక్క చూపిస్తే ఒక్క పేరా కత్తిరించి, ఫాంటు పేరు, మీరు చేత్తో లెక్కపెట్టిన సంఖ్య, ఎడిటర్ చూపిన సంఖ్య రాసి బగ్ రిపోర్టుకు జత చేయండి.