గోల్ఫ్ డ్రైవర్ కొనేముందు కొలవాల్సినవి

గోల్ఫ్‌లో బంతిని అన్నిటికన్నా దూరం కొట్టే కర్ర డ్రైవర్. దుకాణంలో దాన్ని చేతికిచ్చి ముందుగా చెప్పేది హెడ్, అంటే కర్ర చివరి గుండు, గొప్పతనం. నిజానికి తేడా తక్కువగా ఉండేది అక్కడే. నిబంధనల ప్రకారం హెడ్ 460 ఘన సెంటీమీటర్లు దాటకూడదు, బంతికి తగిలే దాని ముఖం, ఫేస్, బంతిని ఎంతగా తిప్పికొట్టవచ్చో దానికీ హద్దుంది. పేరున్న కంపెనీలన్నీ ఆ హద్దుల అంచునే ఉన్నాయి.

లెక్క కట్టి చూడండి. హెడ్ బరువు సుమారు 200 గ్రాములు, బంతి 46 గ్రాముల లోపు, తిప్పికొట్టే గుణకం 0.83. ఈ మూడూ కలిపితే హెడ్ వేగానికి 1.49 రెట్లు బంతికి వస్తుంది. గంటకు 145 కి.మీ. వేగంతో ఊపితే బంతి 216తో బయల్దేరుతుంది. అదీ ఫేస్ నడిమధ్య తగిలితేనే. అది అర మిల్లీసెకనులో అయిపోయే పని, ఆలోగా చేతులు సరిదిద్దేదేమీ లేదు.

కాబట్టి మొదట పొడవు సంగతి తేల్చుకోవాలి. అమ్మేవి ఎక్కువగా 45.5 అంగుళాల చుట్టుపక్కలే. కర్రాబిళ్ళ ఆడినవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు: పొడుగు కర్ర దెబ్బ గట్టిదే, బిళ్ళే తగలదు. అర అంగుళం కోయించి, తగ్గిన బరువుకి హెడ్ అడుగున 6 గ్రాముల సీసపు టేపు అంటించండి. కోత చేత్తో పట్టుకునే గ్రిప్ వైపునే. హెడ్ తగిలే మొన వైపు కోస్తే షాఫ్ట్, అంటే కర్ర కాడ, బిరుసెక్కుతుంది.

బంతి మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో చుక్క పెట్టి, అది ఫేస్‌కి తగిలేలా ఉంచి పది కొట్టండి. కుడిచేతివాళ్ళకి మరకలు షాఫ్ట్ వైపు చేరితే బంతి కుడికి వంగుతుంది, హెడ్ చివర చేరితే ఎడమకి. మరకలు నడిమధ్యనే ఉండి కూడా కుడికే పోతుంటే ఫేస్ తెరుచుకుంటోందన్నమాట, అంటే కుడికి తిరిగి తగులుతోంది. రెండు డిగ్రీలు తెరుచుకున్నా 200 మీటర్ల దగ్గర 7 మీటర్లు పక్కకి, వంపు దానికి అదనం. తిప్పే స్క్రూ ఉన్న డ్రైవరైతే లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) ఒక డిగ్రీ పెంచండి, ఫేస్ కూడా కాస్త మూసుకుంటుంది.

లాఫ్ట్ దగ్గర మన గోదావరి డెల్టా నేల తన మాట చెబుతుంది. దాళ్వా కోతలయ్యాక పగుళ్ళిచ్చిన నేలమీద బంతి దొర్లుతుంది. సార్వా నాట్ల వానలకి నానిన ఒండ్రులో మాత్రం పడ్డచోటే దిగబడుతుంది. అప్పుడు గాలిలో సాగిన దూరమే దూరం. ఊపు 145 లోపైతే 9 డిగ్రీలు పౌరుషానికి కొనేదే, 11 లేదా 12 తీసుకోండి. ఇంకోటి, ఉక్కపోత గాలి బరువని అందరూ అనుకుంటారు. నీటి ఆవిరి పొడిగాలికన్నా తేలిక. బంతి హైదరాబాదులోకన్నా కాకినాడలో కాస్త ముందే పడటానికి కారణం ఎత్తు. 500 మీటర్లకు పైనున్న అక్కడికన్నా ఇక్కడ గాలి 5 శాతం చిక్కన. మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురైతే ఇంకా గట్టిగా కొడతారు, బంతి వెనక్కి గిరగిరా తిరిగే స్పిన్ పెరిగి బంతి పైకి లేచి అక్కడే కూలబడుతుంది. మెల్లగా ఊపడమే మేలు.

షాఫ్ట్ బిరుసు విషయం చిన్నదే: ఊపు 145 లోపు రెగ్యులర్, 155 దాటితే ఇంకా బిరుసైన స్టిఫ్. చెమట చేతులకి నూలు కలిసిన గ్రిప్, వారానికోసారి సబ్బునీళ్ళు.

రోహిణి కార్తెలో మాత్రం కారు డిక్కీలో వదలొద్దు. షాఫ్ట్‌ని హెడ్‌కి పట్టి ఉంచే ఎపాక్సీ జిగురు మెత్తబడుతుంది. హెడ్ పట్టుకుని మెలిపెట్టినప్పుడు కిర్రుమంటే ఆ రోజుకి ఆడకుండా అతికించడానికి ఇవ్వండి.