"7 సెకన్ల ముందే బ్రెయిన్ డిసైడ్ చేసేస్తుంది": ఈ లెక్క ఎక్కడిది, 2012లో ఈ వాదనకేమైంది

మళ్ళీ మొదలైంది. అమీర్‌పేట, మాదాపూర్ వైపు సబ్‌కాన్షస్ మైండ్ వర్క్‌షాపులు పెట్టేవాళ్ళు "మీరు అనుకోకముందే మీ బ్రెయిన్ డిసైడ్ అయిపోయింది, సైన్స్ ఎప్పుడో ప్రూవ్ చేసింది" అని రీల్స్ వదులుతున్నారు, ఇంట్లో పిల్లలేమో అదే రీల్ చూపించి ఫోన్ వాళ్ళు తియ్యలేదని, చెయ్యే తీసిందని వాదిస్తున్నారు. అంటే గొడవంతా ఫ్రీ విల్ గురించి, అదే మన పని మనమే ఎంచుకునే స్వేచ్ఛ ఉందా లేదా అని.

ఈ గొడవ మొదలైంది లిబెట్ ప్రయోగంతో, అది రెండు ముక్కల్లోనే చెప్తా. 1983లో శాన్ ఫ్రాన్సిస్కోలో మెదడు మీద పరిశోధన చేసే బెంజమిన్ లిబెట్ కొందర్ని కూర్చోబెట్టి, మీకు బుద్ధిపుట్టినప్పుడు చెయ్యి కదపండి, కదపాలనిపించిన క్షణంలో గడియారంలో చుక్క ఎక్కడుందో చెప్పండి అన్నాడు. కదలడానికి దాదాపు 550 మిల్లీసెకన్ల ముందే మెదడు సిగ్నల్ పైకెక్కడం మొదలైంది, కదపాలన్న ఆలోచన మనిషికి తెలిసింది మాత్రం 200 మిల్లీసెకన్ల ముందు. ఆ మధ్య గ్యాప్ మీదే ఇన్నేళ్ళ గొడవంతా. లిబెట్ మాత్రం ఫ్రీ విల్ లేదనలేదు, చివరి క్షణంలో "వద్దు" అని ఆపే పవర్ మనిషికి ఉంటుందన్నాడు, ఆ మాట ఏ రీల్‌లోనూ ఉండదు.

మరి 7 సెకన్లు? అది లిబెట్‌ది కాదు, 2008లో లైప్‌జిగ్‌లో జాన్ డిలన్ హేన్స్ టీమ్‌ది. మెదడు స్కానర్‌లో పడుకున్న మనిషి కుడి బటన్ నొక్కుతాడా ఎడమదా అన్నది 7 నుంచి 10 సెకన్ల ముందే మెదడు ప్యాటర్న్ చూసి ఊహించారు. ఎంత కరెక్టుగా అంటే 60 శాతం అటూఇటూ. బొమ్మా బొరుసా వేసుకున్నా 50 వస్తుంది కదా.

నన్నడిగితే అసలు మలుపు 2012. అది అర్థం కావాలంటే 1965లో జర్మనీలో కోర్న్‌హూబర్, డీకె అనే శాస్త్రవేత్తలు లిబెట్ చూసిన ఈ సిగ్నల్‌ని మొదట ఎలా పట్టుకున్నారో చూడాలి. ఒక్కసారి చెయ్యి కదిపితే మెదడులో ఉండే గోలలో అదేం కనపడదు, అందుకని వాళ్ళు రికార్డింగ్ టేపుని కదలిక దగ్గర్నించి వెనక్కి తిప్పి, అలాంటివి చాలా కలిపి సగటు తీశారు. లిబెట్ కూడా అంతే, 40 సార్లు కదిపించి సగటు తీశాడు. అంటే చూసిందల్లా కదలికతో ముగిసిన సందర్భాలే, అదీ వెనక్కి. దాదాపు యాభై ఏళ్ళు దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు!

2012లో ఫ్రాన్స్‌లో ఏరన్ షర్గర్, హకోబో సిట్, స్తానిస్లాస్ దెహేన్ ఇక్కడే పట్టుకున్నారు. మెదడులో హెచ్చుతగ్గులు ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి, "ఎప్పుడైనా కదపొచ్చు" అన్నప్పుడు ఫలానా క్షణంలోనే కదపడానికి కారణమేమీ ఉండదు కాబట్టి ఆ హెచ్చుతగ్గు కాస్త పైకొచ్చి ఒక హద్దు గీత దాటినప్పుడు చెయ్యి కదులుతుంది అన్నారు. వానాకాలంలో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తిన రోజుల్ని మాత్రమే ఏరుకుని వెనక్కి చూస్తే ప్రతిసారీ నీటిమట్టం పెరుగుతూ వచ్చినట్టే కనిపిస్తుంది, కొంచెం పెరిగి గేట్లు ఎత్తకుండానే తగ్గిపోయిన రోజులు ఆ లెక్కలోకే రావు, అలాగని పెరగడం మొదలైన రోజే గేట్లెత్తాలని డిసైడ్ అయ్యారంటామా? వాళ్ళు ఊరికే థియరీ చెప్పి వదల్లేదు, మధ్యలో చెప్పాపెట్టకుండా టిక్ మనే శబ్దం పెట్టి వినగానే నొక్కమన్నారు. ఎక్కువ ఫాస్ట్‌గా నొక్కిన సందర్భాల్లో శబ్దం రాకముందే సిగ్నల్ ఆ గీత వైపు జరుగుతూ ఉంది. ఆ శబ్దం ఎప్పుడొస్తుందో మెదడుకి ముందే తెలిసే ఛాన్సే లేదు, కాబట్టి ఆ జరగడాన్ని నిర్ణయం అనలేం. ఈ లెక్కన నిర్ణయం పడేది గీత దాటే దగ్గర, అంటే మనిషి "ఇప్పుడనిపించింది" అని చెప్పే టైమ్‌కి బాగా దగ్గర్లో.

తర్వాతవి దీనికి కొనసాగింపే. 2016లో హేన్స్ కూడా ఉన్న టీమ్, అవును ఆ 7 సెకన్ల హేన్సే, సిగ్నల్ మొదలయ్యాక కూడా కదలికకి 200 మిల్లీసెకన్ల ముందు వరకు మనుషులు ఆగగలరని చూపించింది. 2019లో యూరి మావోజ్ బృందం బటన్ల బదులు విరాళాలు పెట్టింది, ఏ సంస్థకి 1000 డాలర్లు వెళ్ళాలో నిజంగా ఎంచుకోవాలి. అలాంటి ఎంపికల్లో ఆ సిగ్నల్ దాదాపు లేనే లేదు, ఏది నొక్కినా ఒకటే అన్నప్పుడు మాత్రం ఎప్పట్లాగే కనిపించింది.

ఫ్రీ విల్ లేదనే వాళ్ళలో గట్టిగా మాట్లాడేది స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ రాబర్ట్ సపోల్‌స్కీ. ఆయన వాదన జీన్స్, పెంపకం, హార్మోన్ల మీద నడుస్తుంది, మిల్లీసెకన్ల గొడవ అసలు అనవసరం అంటాడు.

ఇక ఆలోచనకి పనులమీద పట్టుందా అంటే, 2011లో బామీస్టర్, మసికాంపో, వోస్ అనే సైకాలజిస్టులు అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలు చదివి, ఉంది, కానీ ఎక్కువగా అది నేరుగా కాదు, ఆలస్యంగా పనిచేస్తుంది అన్నారు. "ఫలానా టైమ్ వస్తే ఫలానా పని చేస్తా" అని ముందే ఫిక్స్ అవ్వడం మీద గోల్‌విట్జర్, షీరన్ 2006లో 94 పరీక్షలు కలిపి చూస్తే ఉత్తి "చెయ్యాలి" అనుకోవడం కంటే ఇది చెప్పుకోదగ్గంత బాగా పనిచేసింది. జూబ్లీహిల్స్‌లో పార్టీ ఉందని సాయంత్రమే బండి ఇంట్లో పెట్టి క్యాబ్ బుక్ చేసుకున్నవాడు చేసింది అదే, రాత్రి ఒంటిగంటకి వాడి మెదడులో ఏ సిగ్నల్ ఎటు ఎక్కినా తాళం చెవి మాత్రం జేబులో ఉండదు.