మాల వేసుకుంటే మందు మానేస్తాడా? అపోహలు - వాస్తవాలు

కార్తీకమాసం వచ్చిందంటే నా దగ్గరికి ఒక రకం కేసులు తప్పకుండా వస్తాయి. నల్లబట్టల్లో ఉన్న మనిషిని చెరోవైపు పట్టుకుని తీసుకొస్తారు. ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, లేని పురుగుల్ని పంచె మీంచి ఏరుతుంటాడు. "రోజుకు మూడు క్వార్టర్లు తాగేవారండీ. మొన్న మాల వేసుకున్నారు, అప్పట్నుంచి చుక్క ముట్టలేదు. ఏదో గాలి సోకినట్టుంది" అంటుంది భార్య. గాలీ కాదు, ధూళీ కాదు. చుక్క ముట్టకపోవడమే కారణం.

అపోహ: గట్టిగా అనుకుంటే ఎవరైనా ఒక్కరోజులో మానేయొచ్చు.

వాస్తవం: మద్యం మెదడును మందగింపజేస్తుంది. ఏళ్ల తరబడి రోజూ తాగేవారి మెదడు దాన్ని తట్టుకోవడానికి మామూలు కన్నా హుషారుగా పనిచేయడం నేర్చుకుంటుంది. తాగుడు ఒక్కసారిగా ఆపినా ఆ హుషారు వెంటనే తగ్గదు. 6 నుంచి 8 గంటల్లో వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి 2 రోజుల్లో ఫిట్స్ రావచ్చు. 2 నుంచి 4 రోజుల మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనిపిస్తాయి. ఈ దశలో వైద్యం అందకపోతే ప్రాణం పోయే ప్రమాదం ఉంది.

తాగేవాళ్లందరికీ ఇలా జరగదు. పొద్దున్నే ఒక పెగ్గు పడితేగానీ చేతులు నిలవనివాళ్లు, ఇదివరకు ఫిట్స్ వచ్చినవాళ్లు మాత్రం మాల వేసుకునే ముందే డాక్టర్‌ని కలవాలి. వణుకు, ఫిట్స్ రాకుండా చూసే లోరాజెపామ్ లాంటి మందులు కొద్దిరోజులు ఇచ్చి, మోతాదు తగ్గించుకుంటూ ఆపేస్తాం. ఇంకో సంగతి. నీరసంగా ఉన్నాడని ఊళ్లో ముందుగా గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తుంటారు. తాగేవారిలో థయామిన్ అనే బి1 విటమిన్ బాగా తగ్గిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. థయామిన్ ఇంజెక్షన్ ఖరీదైనదేమీ కాదు, అడిగి మరీ చేయించుకోండి.

కల్లుదీ ఇదే కథ. చెట్టు కల్లు వేరు, తెలంగాణలో చాలాచోట్ల దుకాణాల్లో దొరికే కల్తీ కల్లు వేరు. అందులో క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రాజోలమ్ లాంటి నిద్ర, మత్తు మందులు కలుపుతారు. అవి కూడా ఒక్కసారిగా ఆపితే ఇవే ఇబ్బందులు వస్తాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం పోటెత్తింది అందుకే.

అపోహ: 41 రోజులు ఉండగలిగాడంటే ఇక మానేసినట్టే.

వాస్తవం: దీక్షను నేను తక్కువ చేయను. దీక్షలో ఏం జరుగుతుందో చూడండి. తెల్లవారుజామున స్నానం, సాయంత్రం భజన, వారానికోసారి ఎవరింట్లోనో పడిపూజ. నిన్నటిదాకా "తాగుబోతు" అన్నవాళ్లే "స్వామీ" అని పిలుస్తారు. వైన్‌షాపు స్నేహితులు కూడా రమ్మని పిలవరు. తాగే వేళ, తాగే చోటు, తాగే జట్టు మూడూ ఒకేసారి పోతాయి. కౌన్సెలింగ్‌లో మేం నెలల తరబడి కట్టడానికి తంటాలు పడేది సరిగ్గా ఇదే! చిక్కేమిటంటే, మాల తీసిన సాయంత్రానికి ఆ ఏర్పాటంతా కూలిపోతుంది, వెనకాలే సంక్రాంతి వస్తుంది. అందుకే ఇరుముడి కట్టుకోకముందే నన్ను ఒకసారి కలవమంటాను. తాగాలన్న యావ తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి. ఒకదానికి లివర్, ఇంకోదానికి కిడ్నీ పరీక్షలు చూసి మొదలుపెడతాం. కాణిపాకంలో ప్రమాణం చేసొచ్చినవాళ్లకూ ఇదే మాట. ప్రమాణం ఉంచుకోండి, మందులూ వాడండి. (తాగేదీ మందే, మాన్పించేదీ మందే. మన భాషతో వచ్చిన తంటా ఇది.)

అపోహ: తాగుడు మాన్పించే మాత్రను తెలియకుండా సాంబారులో కలిపిపెడితే చాలు.

వాస్తవం: ఇలా కలిపేది ఎక్కువగా డైసల్ఫిరామ్. ఆ మాత్ర వేసుకున్నాక తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ వస్తాయి. బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మాత్ర ఆపిన 2 వారాల వరకూ ఆ ప్రభావం ఉండొచ్చు. మనిషికి చెప్పి, ఒప్పించి, ఇంట్లో ఒకరు రోజూ దగ్గరుండి వేయిస్తే బాగానే పనిచేసే మందు ఇది. దొంగచాటుగా పెడితే విషప్రయోగమే. పేరు లేని పొడి పొట్లాలైతే అసలే వద్దు, అందులో ఏముందో అమ్మేవాడికీ తెలియదు.

అపోహ: బీరే కదా!

వాస్తవం: 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 41 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. విస్కీ క్వార్టర్‌లో దాదాపు 61. రెండు బీర్లు తాగినాయన క్వార్టర్‌ని దాటేశాడు.

అపోహ: పెళ్లి చేస్తే దారిలో పడతాడు.

వాస్తవం: పడడు. ఆ అమ్మాయి నా దగ్గరికి వస్తుంది, అంతే.

అపోహ: ఆస్పత్రిలో ఉంచినా మళ్లీ తాగాడు, ఖర్చంతా దండగ.

వాస్తవం: ఆస్పత్రిలో గడిపిన రోజులు ఒంట్లోంచి మద్యాన్ని దించడానికే సరిపోతాయి. తాగకుండా నిలబడటం వేరే పని, దానికి నెలలు, ఏళ్లు పడుతుంది. షుగర్ పేషెంటు పెళ్లిభోజనంలో రెండు లడ్డూలు తిని షుగర్ పెంచుకొస్తే "నీకింక వైద్యం దండగ" అంటామా? మళ్లీ తాగి వచ్చినాయన్ని నేను తిట్టను. ఏ రోజు, ఎవరితో, జీతం వచ్చిన రోజా, ఇంట్లో గొడవైన రోజా, నిద్ర పట్టని రాత్రా అని అడుగుతాను. దాన్నిబట్టి మందు మార్చడమో, జీతం నేరుగా భార్య ఖాతాలో వేయించడమో చేస్తాం. సిగ్గుపడి మూడు నెలలు మొహం చాటేసేవాళ్లతోనే నాకు టెన్షన్. తాగిన మర్నాడే రండి. రాలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి గానీ, వ్యసనాలు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి గానీ ఫోన్ చేయండి. డబ్బులు పడవు.