పిల్లలకు దెబ్బలు తగిలితే తల్లినే తిట్టుడు ఎందుకు? మా బస్తీలల్ల వినే అపోహలు - వాస్తవాలు

నేను నర్సును, 12 ఏండ్ల సంది వరంగల్ చుట్టుపక్కల బస్తీలల్ల, ఊర్లల్ల ఇంటింటికి తిరుగుత. చిన్నపిల్లలకు ప్రమాదాలు కాకుంట ఇంటోళ్లతోని కూసోని మాట్లాడుడు నా పనిల ఒక భాగం. ఇన్నేండ్లల్ల మళ్లీ మళ్లీ విన్న మాటలు కొన్ని రాస్తున్న.

అపోహ: తల్లి సరిగ్గ చూసుకోకనే పిల్లలకు దెబ్బలు తగుల్తయి.

నాకు అన్నిటికంటె బాధ అనిపించే మాట ఇదే. పిల్లగాని మీద గంజి ఒలికినా, నీళ్లల్ల పడ్డా అందరు ముందుగాల అడిగేది "తల్లి ఏడ వోయింది?" అనే. తల్లి పత్తి ఏరనీకి పోయింది, పొద్దుగాల పోతె పొద్దుమీకినంక వస్తది, ఇంట్ల నాయనమ్మకు కండ్లు సరిగ్గ కనవడయి, తమ్ముణ్ని 9 ఏండ్ల అక్కకు అప్పజెప్పిన్రు, ఆ పిల్ల కూడ పిల్లనే కదా. కూలి ఒదులుకుంటె రాత్రికి పొయ్యి వెలగని ఇండ్లు అవి. నేను కొత్తల ఒక తల్లిని గట్టిగ అన్న, ఆమె మళ్ల నాకు తలుపు తీయలే. తిట్లు పడ్డ మనిషి దెబ్బను దాస్తది, దవాఖానకు లేటుగ తెస్తది, నష్టమయ్యేది పిల్లగానికే.

అపోహ: వాళ్లకు చదువు లేదు, చెప్పినా ఎక్కదు.

ఒక ఇంట్ల వాకిట్ల గోలెం నిండ నీళ్లు, పక్కన రెండు బకెట్లు, ఏడాదిన్నర పిల్ల వాటి చుట్టే తిరుగుతుంది. "వాడుకున్నంక ఒంపెయ్యాలె" అని చెప్పిన. నాయనమ్మ నా దిక్కు చూసి "బిడ్డా, నల్లా దినం తప్పి దినం వస్తది, ఒంపితె రేపు ఏం తాగాలె?" అన్నది. నిజమే కదా, నా కాయితంల రాసుకున్న సలహా ఆ ఇంటికి పనికిరాదు. మరి ఏం చేద్దాం అని ఆమెనే అడిగితె, పాత తలుపు చెక్క గోలెం మీద పెట్టి పైన రాయి పెట్టింది, బకెట్లు అరుగు మీదికి ఎక్కించింది, కడపకు అడ్డం ఒక పలక కట్టిచ్చింది. పైసా ఖర్చు లేదు. నెలయినంక పోతె పక్కింట్ల కూడ గోలేనికి మూత ఉన్నది, నేను చెప్పలే, ఆమెనే చెప్పింది. అప్పటి సంది నేను ముందు అడుగుత, తర్వాతనే చెప్త.

అపోహ: నీళ్లల్ల పడితె అరుస్తరు, చప్పుడైతది, ఉరికిపోయి తీస్తం.

అరవరు. చిన్నపిల్లలకు తల బరువెక్కువ, బకెట్ల తలకిందులుగ పడితె లేవలేరు, రెండించుల నీళ్లు చాలు, కొన్ని నిమిషాలల్లనే ప్రాణం పోతది. బయటికి తీసినంక కడుపు ఒత్తుడు, తలకిందులు చేసి తిప్పుడు వద్దు, ఊపిరి లేకుంటె నోట్లె ఊపిరి ఊదుకుంట ఛాతి ఒత్తాలె, ఇంకొకరు 108 కి ఫోన్ చెయ్యాలె.

బంగ్లాదేశ్ ఊర్లల్ల తల్లులు పనిల ఉండే పొద్దటి పూటనే పిల్లలు కుంటలల్ల ఎక్కువ పడుతున్నరని గమనించి, 1 నుంచి 5 ఏండ్ల పిల్లలను ఆ టైములకు ఊరి ఆడామె ఒకరి దగ్గర కూసోబెట్టిన్రు, అట్ల ఉన్న పిల్లలల్ల మునిగి చచ్చిపోవుడు 80 శాతం పైనే తగ్గింది. మన అంగన్‌వాడీల బడి 3 ఏండ్లు నిండినోళ్లకే, కొత్తగ నడక నేర్చినోళ్లు ఇంటికాడనే ఉంటరు, ప్రమాదమేమో వాళ్లకే ఎక్కువ. ఒక వాడకట్టుల నలుగురు తల్లులు వంతులేస్కున్నరు, దినానికి ఒకరు ఆగుతరు, మిగిలిన ముగ్గురు ఆమె కూలిని పంచుకుంటరు. ఈ లెక్క వాళ్లే కట్టుకున్నరు, నేను పక్కన కూసోని విన్న అంతే.

అపోహ: కాలితె పేస్టు, పసుపు, ఇంకు పెట్టాలె.

ఏదీ వద్దు, ఐసు కూడ వద్దు. నల్లా కింద 20 నిమిషాలు పెట్టాలె, నల్లా రాని దినమైతె చెంబుతోని మెల్లగ పోసుకుంట ఉండాలె. మొలతాడు, కడియాలు వాపు రాకముందే తీసెయ్యాలె. చర్మానికి అంటుకున్న బట్టను గుంజొద్దు.

అపోహ: పురుగుల మందు తాగితె ఉప్పునీళ్లు తాపి కక్కిచ్చాలె.

అస్సలు వద్దు, కక్కేటప్పుడు మందు ఊపిరితిత్తులల్లకు పోతది. బట్టలకు అంటితె ఇప్పేసి సబ్బుతోని ఒళ్లు కడగాలె, చర్మం నుంచి కూడ లోపలికి పోతది. పత్తి చేన్ల మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసల పోసి గట్టు మీద పెడ్తరు, పిల్లలకు అది కూల్‌డ్రింకే కదా. బాపులతోని మాట్లాడాల్సింది ఈ సంగతే, కాని మీటింగులకు ఆడోళ్లనే పిలుస్తం, అందుకే నేను ఇప్పుడు సాయంత్రాలు చాయ్ హోటల్ కాడికే పోయి మొగోళ్లకు చెప్తున్న. మందు దాని డబ్బలనే ఉండాలె, తాళం ఉన్న పెట్టెల పెట్టాలె. దవాఖానకు ఉరికేటప్పుడు ఆ డబ్బను కవర్ల చుట్టి ఎంబడి తీస్కపోండి, ఏం మందో డాక్టర్‌కు తెలుస్తది.